బోర్డు మీద లేని పేరు

పోయిన వారం రాజేశ్వరిని జిన్నింగు మిల్లు గేటు ముందు రిక్షా దిగుతుండగా వదిలేసి వచ్చాం. దసరా పండుగ పూట, పొద్దున్నే, పక్కన అత్తగారు పోశవ్వ. ఇద్దరి ఒంటి మీదా రోజూ కట్టే చీరలే. చావు జరిగిన ఇంటికి ఆ ఏడు పండుగ ఉండదు కదా. ముందటి రోజు స్టేషను రోడ్డులో ఒక కొత్త బోర్డు చూసింది రాజేశ్వరి. పసుపు మీద ఎర్ర అక్షరాలు. జపాన్ స్పోర్ట్స్ కార్ల ఓనర్స్ క్లబ్, వరంగల్. కింద స్థాపకులు సారంగపాణి, ఎల్లస్వామి. అంతే, అక్కడితో పెయింటు అయిపోయినట్టు ఆగిపోయింది. మూడో పేరు లేదు. ఆ మూడో మనిషి రాజేశ్వరి భర్త బాలకిషన్. ఆ పేరు ఎందుకు రాయలేదో అడగడానికే ఈ రాక.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ క్లబ్బు పుట్టుక కూడా చెప్పాలి. కొత్తవాడలో పవర్‌లూమ్ షెడ్డు నడిపే బాలకిషన్ మద్రాసు పోయి, స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక జపాను ఇంజనీరు దగ్గర ఎర్రటి డాట్సన్ కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, నేలకు ఆనుకుని పోయే బండి. అది చూసి మిల్లు ఓనరు సారంగపాణికి నిద్ర పట్టలేదు. ఆయన ఎక్కడెక్కడో తిరిగి పసుపు పచ్చని సెలికా తెచ్చాడు. ఫొటో స్టూడియో ఎల్లస్వామి తక్కువ తిన్నాడా, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న హోండా ఒకటి పట్టుకొచ్చాడు. ఇక పార్టులు. జపాను పార్టు వరంగల్‌లో దొరకడం అంటే కుందేటి కొమ్ము సాధించడమే. అందుకని ఎప్పుడు చూసినా మూడింట్లో నడిచేది ఒకటే ఉండేది, మిగతా ఇద్దరూ వెనక నుంచి నెట్టేవారు. నెట్టీ నెట్టీ ముగ్గురూ స్నేహితులయ్యారు. ఎట్లాగూ నెడుతున్నాం గదా, దీనికి ఒక పేరు పెట్టుకుందాం అన్నది బాలకిషనే. క్లబ్బు అట్లా పుట్టింది.

ఆషాఢంలో మూడు కార్లూ ఒకేసారి నడిచిన అద్భుతం జరిగింది. ఆ సంబరంలో తొర్రూరు దాకా పోయి వద్దామని బయలుదేరారు. ఎల్లస్వామి హోండా ఊరు దాటకముందే మొరాయించింది. బాలకిషన్, సారంగపాణి ముందుకు పోయారు. ఒక్కడే తిరిగొచ్చాడు. బాలకిషన్ బండి కల్వర్టు గోడకు గుద్దుకున్నది. తాగి నడిపాడని ఊరు చెప్పుకున్నది.

ఆ రోజు నుంచి రాజేశ్వరికి ఏడుపు రాలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు, అంతే. వాడకట్టు ఆడవాళ్ళు చూసి, రాయి అన్నారు, గుండె చెరువైతే కండ్లు ఎండుతాయన్నారు, ఇంకేవో కూడా అన్నారు. ఆమెకు ఏదీ తగల్లేదు. పొద్దున లేచి మగ్గాలకు నూలు కండెలు చుట్టేది, వండేది, కూతురి జడ వేసేది, మళ్ళీ కండెలు చుట్టేది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో అత్త చెబితే తప్ప తెలిసేది కాదు. ఒకసారి పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించింది. వేళ్ళు బొబ్బలెక్కాక గానీ కాలిన సంగతి గుర్తించలేదు.

మిల్లు ఆవరణలో పండుగ వాసన వేస్తున్నది. పసుపు పచ్చని సెలికాకు బంతిపూల దండలు కట్టారు. బానెట్ మీద కుంకుమ బొట్లు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొత్త చొక్కా వేసుకున్న సారంగపాణి కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది కొట్టి, నిమ్మకాయల మీదుగా బండిని పోనిచ్చి, ఖిలా వరంగల్ చేరాలి. అక్కడ ఎల్లస్వామి హోండా దగ్గర కాచుకుని ఉన్నాడు. షామియానా వేశారు, మైకు పెట్టారు. పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చి జెండా ఊపితే క్లబ్బు మొదటి ఊరేగింపు కోట చుట్టూ తిరుగుతుంది.

గేటులోంచి వస్తున్న ఇద్దరిని చూసి సారంగపాణి కొబ్బరికాయ దించాడు.

పోశవ్వ షెడ్డు వైపు రాలేదు. పత్తి తూకం వేసే కాంటా పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది.

"నువ్వు పోయి మాట్లాడిరా బిడ్డా. ఆ బండి మొకం నేను చూడ" అన్నది కోడలితో.

బాలకిషన్ గుద్దుకున్న ఆ డాట్సన్ మూడు నెలలుగా సారంగపాణి షెడ్డులోనే టార్పాలిను కప్పుకుని ఉంది.

"రా చెల్లె, కూసో. చాయ్ తెప్పిస్త" అన్నాడు సారంగపాణి.

"చాయ్ తాగే వచ్చిన అన్నా. బోర్డు మీద మా ఇంటాయన పేరు లేదు."

"పెయింటరు మర్సిపోయినట్టున్నడు."

"ఎల్లస్వామన్న పేరు మర్వలే గదా."

సారంగపాణి నవ్వబోయి మానుకున్నాడు. అబద్ధం ఆడటం అందరికీ వచ్చే విద్య కాదు. ఆయనకు అసలే రాదు. మెడ దాకా ఎర్రబడిపోతుంది.

"నిజం చెప్తాన చెల్లె. జెండా ఊపే సారు ఉన్నడు సూడు, ఆయన ఒక్క మాట అన్నడు. తాగి బండి నడిపి సచ్చినోని పేరు మీద క్లబ్బంటే నేను రాను అన్నడు. ఊరంత పిలిచినంక ఆయన రాకపోతే ఇజ్జత్ పోతది. వచ్చే ఏడు రాస్తం. ఫికర్ చేయకు."

"తాగిండని ఆ సారుకు ఎవలు చెప్పిన్లు?"

"ఊరంత అంటాంది."

"ఊరికి ఎవలు చెప్పిన్లు?"

సారంగపాణి భుజం మీది కండువా తీసి, ఏ మరకా లేని సెలికా అద్దాన్ని తుడవసాగాడు. రాజేశ్వరి గొంతు పెంచలేదు. పెంచడానికి లోపల ఏమైనా ఉంటే కదా. సంతలో బెండకాయల ధర అడిగినంత నెమ్మదిగా అడుగుతున్నది. సారంగపాణికి అదే ఎక్కువ భయంగా ఉంది.

"ఆ దినం తొర్రూరు తొవ్వల ఆయన ఎనుక ఉన్నది నువ్వొక్కనివే అన్నా. పోలీసోళ్ళు అడిగింది నిన్నే. వేరేటోళ్ళు చూసింది లేదు, చెప్పింది లేదు."

కండువా ఆగింది.

"నేనే చెప్పిన" అన్నాడు.

ఆ మాట వింటే కోపం వస్తుందని రాజేశ్వరి అనుకున్నది. దారి పొడుగునా రిక్షాలో ఆ కోపం కోసమే ఎదురుచూసింది. రాలేదు. పక్కింటి సంగతి ఏదో విన్నట్టు ఉంది.

"తాగంగ చూసినవా?"

"లేదు."

"వాసనొచ్చిందా?"

"లేదు చెల్లె. వాడు ఏనాడు తాగిండు గనుక. మేం సోడా తాగితే వాడు మంచినీళ్ళు తాగేటోడు."

"మరెందుకన్నవ్?"

ఆయన కండువాను మడిచి భుజం మీద వేసుకున్నాడు. రాజేశ్వరి వెనక్కి తిరిగి కాంటా వైపు చూసింది. పోశవ్వ తల వంచుకుని చీర కొంగు అంచును వేళ్ళతో చుడుతూ విప్పుతూ కూర్చున్నది.

"మా మామ తాగి తాగి సచ్చిండు. నీకెర్కనే. అప్పుడు ఈయన పిలగాడు. మా అత్తమ్మ ఈయన చెయ్యి తీసుకపోయి మగ్గం మీద పెట్టిచ్చింది, సుక్క ముట్టనని ఒట్టేయించుకున్నది. మగ్గం మీద చెయ్యి పెట్టి మావోళ్ళు అబద్ధం చెప్పరు. ఇప్పుడు వాడకట్టంత అంటాన్లు, తండ్రి లెక్కనే కొడుకని. ఆయన పోయిన కాడికెంచి అత్తమ్మ ఆయన పేరు నోట్లె పెట్టలే. నా బిడ్డ నాయిన అని అడిగినా లేచి పోతది. కొడుకు సచ్చిపోయిండని గాదన్నా. ఒట్టు తప్పిండని."

సారంగపాణి కళ్ళు తిప్పుకున్నాడు.

"నేను ఇంకేం అడుగుత లేను. ఇయ్యాల ఖిల్లకాడ మైకుల ఒక్క మాట చెప్పు, బాలకిషన్ తాగలేదని. పేరు రాయి. నువ్వు చెప్పకపోతే నేను ఎక్కి చెప్త."

"చెప్తే మరెందుకు ఆపలేదని అడుగుతరు చెల్లె."

"అడగనీ."

"రోడ్డు మంచిగున్నది. బండి మంచిగున్నది. బ్రేకులు ముందుదినమే ఎల్లస్వామి బిగిచ్చిండు, నేను పక్కన్నే ఉన్న. బ్రేకు ఫేలైందంటే ఊరోళ్ళు ఎల్లస్వామిని బతకనియ్యరు. ఏం చెప్పమంటవ్ నన్ను?"

"అయింది చెప్పు."

సారంగపాణి ఆమెను వెంటబెట్టుకుని పక్కనున్న షెడ్డులోకి నడిచి, మూలన టార్పాలిను తాడు విప్పాడు. గుడ్డ జారింది. ఎర్ర డాట్సన్. ముందు భాగం ఎడమ వైపు మడత పడి లోపలికి పోయింది. ఒక దీపం ఉంది, ఒకటి లేదు. మిగతా బండి బాలకిషన్ రోజూ తుడిచినప్పటిలాగే ఉంది. ఆయన దాన్ని తుడుస్తుంటే రాజేశ్వరి గడపలో నిలబడి, "నాకు సవతిని మద్రాసు కెంచి తెచ్చిండు" అని వాడకట్టంతా వినేలా దెప్పేది. ఇప్పుడు వెళ్ళి దాని తలుపు మీద చెయ్యి వేసింది. ఇనుము చల్లగా ఉందో లేదో కూడా చేతికి తెలియలేదు.

"పక్క తొవ్వల నుంచి ట్రాక్టరు అడ్డమొచ్చింది. దూరం ఉండంగనే. ఆగనీకి మస్తు జాగ ఉండె" అని మొదలుపెట్టాడు సారంగపాణి. "వాడు హారన్ కొట్టిండు. నేను ఎనుకకెంచి చూస్తాన. బ్రేకు తొక్కితే ఎనుక ఎర్రలైటు ఎలగాలె గదా. ఎలగలే. హారన్ మోగుతనే ఉన్నది, లైటు ఎలగలే. ట్రాక్టరాయనను తప్పియ్యబోయి కల్వర్టుకు కొట్టిండు. ట్రాక్టరు ఆగకుంట పోయింది. నేను ఉరికి తలుపు తీసిన. చెల్లె, అప్పటికి గూడ వాని కాలు పెడలు మీదనే ఉన్నది. గట్టిగ తొక్కి పట్టుకున్నడు. అది కిందికి దిగలే."

"ఎందుకు దిగలే?"

ఆయన గోడ అలమారులో చెయ్యి పెట్టి, పాత పేపరు చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఊగిసలాడి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"పెడలు కింద ఇది ఇరుక్కున్నది."

పేపరు విప్పింది. ఎర్రగుడ్డలో కట్టిన గుండ్రని ఎండుకొబ్బరి కుడుక. పైన పసుపుదారం. కుడుక ఒక పక్క పగిలి ఉంది, గుడ్డ మీద పెడలు రబ్బరు అచ్చు నల్లగా దిగింది.

"సీటు కింద పెట్టినట్టున్నరు. మూల మలిగినప్పుడో ఏమో, దొర్లుకుంట ముందటికి వచ్చింది. గుండ్రటిది గదా, గట్టిది. బండికి ఏం గాకుంట ఉండాలని పెట్టిందే, మంచికే. ఎవలు పెట్టిన్లో చూడంగనే తెల్సింది మాకు. అవ్వ తప్ప ఇసొంటియి ఎవలు కడ్తరు?" అని గొంతు తగ్గించాడు. "ఆ ముసలామెకు ఏమని చెప్పాలె? నీ మొక్కే నీ కొడుకును తిన్నదని చెప్పాల్నా? పోలీసాయన అడుగుతాండు, ఎందుకాపలేదు, ఎందుకాపలేదని. నోటికి ఏమొస్తె అది అన్న. తాగిండన్న. అంతే, మల్ల ఒక్క ప్రశ్న అడగలే ఎవ్వలు. సచ్చినోనికి ఏం నొప్పి, బతికున్న తల్లి బతకాలె గదా అనుకున్న. ఎల్లస్వామికి, నాకు తప్ప మూడో మనిషికి తెల్వది."

తెలుసు. మూడో మనిషి ఆయన ఎదురుగా నిలబడి ఉంది.

పోశవ్వ ఎల్లమ్మకు బోనం ఎత్తుతుంది, అంతవరకే. కారుకు మొక్కేదేంది, అదేమన్న దేవుడా అని ఎగతాళి చేసిన మనిషి ఆమె. ఆ ఎర్రగుడ్డ రాజేశ్వరి పాత రవికె ముక్క. దాని ముడి, పోగు తెగినప్పుడు నేతవాళ్ళు వేసేది, లాగిన కొద్దీ బిగిసేది. భద్రకాళి గుడిలో కుడుక పెట్టి మొక్కి, పసుపుదారం చుట్టి తెచ్చింది రాజేశ్వరే. అంతకు ముందు అద్దానికి నిమ్మకాయలు, మిరపకాయలు కడితే బాలకిషన్ తెంపేశాడు. "ఇది జపానుది పిల్లా, కారం తినది" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్ళు మండింది. ఈసారి కనబడకుండా పెడదామనుకున్నది. తొర్రూరు పోయే రోజు పొద్దున, ఆయన స్నానం చేస్తుండగా, కూతురిని నీళ్ళు చూడమని పంపి, డ్రైవరు సీటు కిందికి చెయ్యి పోనిచ్చి పెట్టింది. ఇనుప పట్టీ సందున దోపాననుకున్నది. దోపిందా, ఊరికే పెట్టిందా? ఎంత తల కొట్టుకున్నా గుర్తు రాలేదు. అత్త "చాయ్ మరుగుతాంది" అని పిలిచింది, అది మాత్రం గుర్తుంది.

కాలు తిమ్మిరెక్కితే మొద్దుబారినంత సేపు నొప్పి ఉండదు. నెత్తురు మళ్ళినప్పుడే సూదులు గుచ్చుతాయి. రాజేశ్వరికి ముందుగా తిరిగి వచ్చింది దుఃఖం కాదు, భయం. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె చేతికి కుడుక గరుకు తెలిసింది. బయట పత్తి పొట్టు వాసన, బంతిపూల వాసన, కాల్చిన అగరొత్తుల వాసన ఒక్కసారిగా ముక్కులోకి కొట్టాయి. డాట్సన్ తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నది.

"జర కూసో చెల్లె" అని స్టూలు జరిపాడు సారంగపాణి. "ఇందుకే చెప్పొద్దనుకున్న. నువ్వు తట్టుకుంటవ్, నువ్వు గట్టిదానివి. అవ్వకు మాత్రం తెల్వద్దు. నీ బిడ్డ మీద ఒట్టు."

ఆమె ఆ స్టూలు మీద కూర్చోలేదు.

ఎంత సులువు. నోరు మూసుకుంటే చాలు, లోకంలో అంతకన్నా తేలికైన పని లేదు. కుడుక ఎవరు పెట్టారో రాజేశ్వరికి తప్ప ఎవరికీ తెలియదు. కుడుక ఉందని తెలిసిన ఇద్దరు మగవాళ్ళూ పొరపాటు పడ్డారు, ఆ పొరపాటును ప్రాణంలా కాపాడుతున్నారు. ఇంటికి పోయి కండెలు చుట్టుకోవచ్చు. బోర్డు మీద పేరు మాత్రం రాదు. బాలకిషన్ తాగుబోతుగానే మిగులుతాడు. పోశవ్వ ఆ పేరు పలకకుండానే ఎప్పుడో ఒకనాడు పోతుంది.

చెబితేనో? కొడుకు ఒట్టు తప్పలేదని ఆ తల్లికి తెలుస్తుంది. ఆ వెంటనే, కొడుకును చంపింది ఎవరి చెయ్యో కూడా తెలుస్తుంది. రాజేశ్వరి ఉంటున్నది ఆ తల్లి ఇంట్లో. కూతురు పడుకునేది ఆ తల్లి పక్కలో. వాడకట్టు ఇప్పటికే రాయి అంటున్నది. రేపు ఇంకేమంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నాకు భయమైతాంది అని గట్టిగా అరవాలనిపించింది రాజేశ్వరికి. ఎవరితో అనాలి? ఇలాంటి మాట చెప్పుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు.

"అన్నా" అన్నది. "ఆయన ఏమన్న అన్నడా? నువ్వు తలుపు తీసినంక?"

సారంగపాణి పెడలు వైపు చూశాడు. "బ్రేకు పడ్తలేదు పాణీ అన్నడు. రొండుసార్లు అన్నడు. దవాఖానకు చేరకముందే పోయిండు."

అంటే ఆయనకు తెలియదు. కాలి కింద ఉన్నది ఏమిటో తెలియకుండానే పోయాడు. అది ఊరటో శిక్షో రాజేశ్వరికి తేల్చుకోవడానికి వ్యవధి దొరకలేదు. షెడ్డు తలుపు దగ్గర వెలుగు తగ్గింది. పోశవ్వ వచ్చి నిలబడింది.

ఎంత సేపటి నుంచి నిలబడిందో తెలియదు. ఆ బండి ముఖం చూడనన్న మనిషి బండినే చూస్తున్నది. మడత పడిన రేకును, లేని దీపాన్ని, సీటును. సారంగపాణి గబగబా టార్పాలిను అందుకున్నాడు.

"అవ్వా, నువ్వెందుకొచ్చినవ్, ఈడ దుమ్ము..."

"దాన్ని కప్పకు" అన్నది పోశవ్వ. కోడలి వైపు తిరిగింది. "ఖిల్లకాడికి ఆలస్యమైతాందని బయట పిలుస్తాన్లు. అయిందా నీ మాట? ఏమంటాండు?"

సారంగపాణి పోశవ్వ వెనకగా నిలబడి, రాజేశ్వరిని చూస్తూ వద్దు వద్దని తల తిప్పుతున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. పాపం, ఆ ముసలమ్మను కాపాడుతున్నాననే అనుకుంటున్నాడు.

రాజేశ్వరి అరచెయ్యి మూసుకున్నది. ఏం చెప్పాలో ఇంకా నిర్ణయించుకోలేదు. నోరు దానంతట అదే తెరుచుకున్నది.

"అత్తమ్మా, నీ కొడుకు తాగలే."

పోశవ్వ ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, డాట్సన్ ముందు కూలబడింది. వంగిపోయిన రేకు మీద రెండు చేతులూ ఆనించింది.

"బాలకిషనా" అన్నది. "నా బాలకిషనా. నిన్ను అనుమానపడ్డ కొడుకా. ఇన్నొద్దులు నీ పేరు ఎత్తలే నేను. నీ పటానికి మొక్కలే."

ముసలమ్మ ఏడుస్తుంటే సారంగపాణి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రాజేశ్వరి అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నది. తానూ ఏడిస్తే బాగుండుననిపించింది. ఆ హక్కు తనకు లేదనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి. బయట ఎవరో సెలికా హారన్ కొట్టారు.

కాసేపటికి పోశవ్వ కొంగుతో ముఖం తుడుచుకున్నది. మూడు నెలలుగా ముడుచుకుపోయిన ఆ ముఖం కడిగినట్టయింది. కోడలి భుజం పట్టుకుని లేవబోయింది. లేవబోతూ, ఆమె మూసిన పిడికిలిని, వేళ్ళ సందులోంచి కనబడుతున్న పసుపుదారం కొసను చూసింది.

"తాగకపోతే మరెట్ల సచ్చిండు బిడ్డా?" అని అడిగింది.